పానకం బిందె పెట్టిన అరుగు

ఈ ఏడు పీర్ల ఊరేగింపు ఎక్కడ నిలబడి చూద్దామని పొద్దున అడిగాను. అడిగింది మామూలు మాటే. కానీ మా అత్తగారు చేటలో బియ్యం చెరగడం ఆపి కొడుకు ముఖం చూశారు. మా వారు కాఫీ గ్లాసు వెనక ముఖం దాచుకున్నారు. ఇద్దరూ నవ్వుతున్నారని తెలిసి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇప్పుడు అందరూ పడుకున్నారు. దీపం వత్తి తగ్గించుకుని, వాళ్ల నవ్వుకు కారణమేమిటో నేనే రాసిపెట్టుకుంటే నయమనిపించింది. వాళ్లు చెప్పే కథలో నేను రోజురోజుకీ ఇంకాస్త గట్టిగా అరుస్తున్నాను.

నేను బాపట్ల వైపు పిల్లను. గుంటూరులో కాలేజీ చదువు చదివి, పెళ్లితో మార్కాపురం వచ్చాను. మా వారు ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతారు. మా ఊళ్లో పీర్ల పండగంటే సాయిబుల వీధిలో ఒక సాయంత్రం వినబడే డప్పు. ఇక్కడ అట్లా కాదు. ఆఖరి రోజున ఊరంతా వీధిలోనే ఉంటుంది. పట్టుగుడ్డలూ పూలదండలూ కట్టిన వెండి హస్తాలు పొడుగాటి కర్రల మీద లేస్తాయి. అవే పీర్లు. వాటి ముందు డప్పులు, డప్పుల ముందు పులివేషాలు. పెద్దారవీడు నుంచి, త్రిపురాంతకం నుంచి బండ్లు కట్టుకుని వస్తారు.

మొదటిసారి మా పాపను ఎత్తుకుని వెళ్లినప్పుడు అందరితోపాటు వీధి అంచున నిలబడ్డాను. ఒక పులి గిర్రున తిరిగి మా ముందుకు దూకింది. పాప అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. ఇంటికి తెచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. జ్వరం తగ్గింది కానీ భయం తగ్గలేదు. ఎక్కడో పెళ్లి డప్పు వినబడినా వచ్చి నా చీర కుచ్చిళ్లలో దూరేది. కాళ్లకు పసుపు రాయబోతే, పులి రంగని ఏడ్చేది. మా అత్తగారు మాత్రం వెంటనే మొక్కుకున్నారు. వచ్చే పండగకు పీరు ముందు నిలబెట్టి, పాప తల మీద నెమలి ఈకల కట్ట వేయిస్తానని.

ఏడాది తిరిగి పండగ దగ్గర పడింది. నాకు నిద్ర పట్టలేదు. వెళ్లకపోతే అత్తగారి మొక్కు తీరదు. వెళ్లి పాప మళ్లీ దడుచుకుంటే ఆ భయం ఇక దాని ఒంట్లో ఇంకిపోయి జన్మంతా ఉండిపోతుందేమోనని నా దిగులు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. ఎక్కడ నిలబడాలో నేను చూసి చెబుతాను, ఎవరూ అడ్డం రాకూడదు.

"అట్లనే కానీ. నీ బిడ్డ, నీ ఇష్టం," అన్నారు అత్తగారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

సాయంత్రాలు మా వారిని వెంటబెట్టుకుని ఊరేగింపు వచ్చే వీధులన్నీ తిరిగాను. తాలూకా కచేరీ ప్రహరీ దగ్గర బాగానే కనబడుతుంది కానీ పొరుగూరి బండ్లు విప్పేది అక్కడే. డప్పుకు ఎద్దులు బెదిరితే? బట్టల దుకాణం మిద్దె మీదికి రమ్మని దుకాణదారు పిలిచాడు. ఎక్కి చూస్తే పిట్టగోడ నా మోకాళ్లు దాటలేదు. అక్కడ నిలబడే నాకు కళ్లు తిరిగాయి. కూడలి అయితే గాలాడుతుంది కానీ నాలుగు వైపుల నుంచీ జనం తోసుకొస్తారు.

"ఇంతకూ ఊరేగింపు చూసేదానికి చోటు ఎతుకుతాండావా, కోట కట్టేదానికా?" అన్నారు మా వారు.

"మీకేం, మీరు లెక్కల్లో పులులను చూసినవారు."

"లెక్కల్లో పులులుండవే, మేకలుంటాయి. నలుగురు మేకల్ని కొంటారు, అమ్ముతారు."

చివరికి కోట దొరికింది. మా వీధి మలుపు తిరగగానే ఒక పలకల దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు. బడిపిల్లల పలకలకు రాయి కోయించే సాయిబుగారి భార్యను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. వాళ్ల అరుగు నా నడుమంత ఎత్తు. పైన తాటాకు పందిరి. అరుగు కింద, వీధి వైపు, కోయని రాతిబండలు నడుముల దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో మనిషి పట్టేంత సందు. పులి ఎంత ఎగిరినా ఆ బండలు దాటి రాదు. అన్నిటికన్నా నాకు నచ్చింది వెనక తలుపు. పాప ఏడిస్తే ఒక్క అంగలో లోపలికి, అక్కడి నుంచి పెరట్లోకి, పెరటి దారిన మా ఇంటికి. తలుపు తీసి, వేసి, మళ్లీ తీసి చూశాను. పెద్దమ్మ వింతగా చూసింది.

"ఏంది బేటీ, గడియ బాగలేదా?"

"బాగుంది పెద్దమ్మా. బాగుందో లేదో చూస్తున్నాను."

ఆ ఏడు పండగ నడి ఎండాకాలంలో పడింది. పాపకు దాహమేస్తుంది, బయట అమ్మే రంగునీళ్లు తాగనివ్వను. అందుకని పొద్దున్నే బెల్లం కరిగించి, మిరియాలూ ఏలకులూ దంచి పానకం కలిపాను. పెద్దమ్మ మనవళ్లు కూడా ఉంటారు కదా అని చెంబుతో కాక పెద్ద ఇత్తడి బిందె నిండా కలిపాను. అరుగు అంచున గాలి తగిలేచోట పెట్టి, తడిగుడ్డ కప్పి, ఈగలు వాలకుండా చుట్టూ వేపమండలు పరిచాను. ఎంతో ముందుచూపు గలదాన్నని నాకే ముచ్చటేసింది.

పెద్దమ్మ బిందె చూసి నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "పానకం పెట్టినావా బిడ్డా! బాపట్ల పిల్లవైనా ఎంత గ్యానం!" అంది. పిల్లల మీద ప్రేమకు మెచ్చుకుంటోందనుకున్నాను. మా అత్తగారు స్తంభానికి ఆనుకుని తమలపాకు నములుతూ పందిరి వాసాలు చూస్తున్నారు.

కాసేపటికి మా అరుగు ముందే జనం చేరడం మొదలుపెట్టారు. అటూ ఇటూ వీధి ఖాళీగానే ఉంది. నీడకోసం వస్తున్నారనుకున్నాను. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన బిందె వైపు చూసి, పక్కవాళ్లతో, "ఈడ నిలబడండి, ఈడైతే బాగ కనపడతాది," అన్నాడు. చూడండి, నేను వెతికిన చోటును ఊరు కూడా ఒప్పుకుందని మా వారికి సైగ చేశాను.

డప్పులు దగ్గరయ్యాయి. పాప నా మెడ చుట్టూ చేతులు బిగించింది. "ఏం కాదమ్మా, ముందు నుంచి అట్లా వెళ్లిపోతాయి," అన్నాను. పులి ముందు నుంచి వచ్చింది. వెళ్లిపోలేదు. మా ఎదురుగా ఆగింది. డప్పులు ఆగాయి. వెనక పీర్లూ ఆగాయి. జనం గుండ్రంగా విడిపోయి చోటిచ్చారు. తర్వాత డప్పు రెండింతల జోరుతో మళ్లీ మొదలైంది. పులి మా అరుగు ముందే ఆటకు దిగింది.

నేను వెనక్కి తిరిగాను. వెనక తలుపు లేదు. అంటే ఉంది, అందులో సందు లేదు. గోషా పాటించే ఆడవాళ్లు వీధిలోకి రాకూడదు కనుక, పెద్దమ్మ కోడళ్లూ కూతుళ్లూ చుట్టాలూ అందరూ ఆ తలుపు నిండా నిలబడి పరదా సందుల్లోంచి చూస్తున్నారు. నేను పారిపోవడానికి చూసుకున్న దారి వాళ్లకు ఏటేటా ఊరేగింపు చూసే చోటట.

"పెద్దమ్మా, ఇక్కడే ఎందుకు ఆగింది?" అని అరిచాను. మొదటి అరుపు అదే. దానిమీద ఒట్టు వేయగలను.

పెద్దమ్మ నా చెవిలో నోరు పెట్టి చెప్పింది. "నీళ్లు దొరకక దాహంతో పోయినోళ్లను తల్చుకునే దినం బేటీ ఇది. పానకం పెట్టిన గడప దాటి పీరు పోదు. నువ్వే కదా పిలిచినావు!"

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ ఇంకా వాసాలు లెక్కపెడుతున్నారు.

అంతలో పులి ఆట ఆపి, బండల మధ్య సందులోంచి నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది. నేను కోటగోడ అనుకున్నది దానికి వాకిలి. నోట్లో కరిచిపట్టిన నిమ్మకాయ తీసి మొలలో దోపుకుంది. నడుం వంచి రెండు చేతులూ దోసిలి పట్టింది. ఒళ్లంతా చెమట. రొమ్ము ఎగసి పడుతోంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

"పొయ్యవే అమ్మాయ్. బిందె పెట్టినోళ్లే పొయ్యాల," అన్నారు అత్తగారు.

ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో చెంబు ముంచి పోశాను. దోసిలిలో పడింది సగమే. మిగతాది పులి మెడ మీద నుంచి రొమ్ము మీదికి కారింది. పసుపూ నలుపూ కలిసి చారలు జారాయి. పులి తల ఎత్తింది. నేను అరిచాను. ఇది రెండోది, ఒప్పుకుంటాను. ఆ అరుపుకు పులి రెండడుగులు వెనక్కి వేసి, బండకు తగిలి, ఠక్కున కూర్చుంది.

జనం ఒక్కసారిగా నవ్వారు. పులి కూర్చున్నచోటు నుంచే చేతులు జోడించింది.

"మెల్లగ పొయ్యి తల్లీ! ఇంకా మూడు వీధులుండాయి నాకు. పులి మాదిరే పోనియ్యి."

నా మెడ మీద ముడి వదులైంది. ఎప్పుడు తల ఎత్తిందో, పాప పులినే చూస్తోంది. జారిన రంగు కింద మామూలు మనిషి చర్మం కనబడుతోంది.

"అమ్మా, పులి పాడయిపోతాంది," అంది. నా మీద కోపంగా. "నువ్వే పాడుచేసినావు. దించు నన్ను."

దించాను. అది తన చిన్న గ్లాసు బిందెలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, అరుగు అంచున మోకాళ్ల మీద కూర్చుంది. పులి లేచి వచ్చి మళ్లీ దోసిలి పట్టింది. ఒక్క చుక్క బయట పడకుండా పోసింది. "ఇంకా కావాల్నా?" అని అడిగింది. పులి తల ఊపింది. మళ్లీ ముంచింది. నేను దాని గౌను వెనక అంచు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. అది తప్ప నాకు వేరే పనేమీ మిగల్లేదు.

తర్వాత పీరు అరుగు దగ్గరికి వచ్చింది. దాని వెంట వచ్చిన పెద్దాయన నెమలి ఈకల కట్టతో పాప తల మీద మెల్లగా తట్టాడు. పాప చక్కిలిగింత పెట్టినట్టు మెడ ముడుచుకుని నవ్వింది. అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొక్కు తీరింది. కానీ ఆవిడ అంతటితో ఊరుకోలేదు.

"నాయనా, మా కోడలికి గూడ రెండు గట్టిగ వెయ్యి. ఇంట్లో ఉండే బయమంతా ఆ యమ్మ కాడనే ఉండాది."

ఆయన నిజంగానే వేశాడు. రెండు కాదు, మూడు. జనం మళ్లీ నవ్వారు. తలుపు వెనక పరదాలు కూడా నవ్వాయి.

ఇంటికి వచ్చాక, "మీకు ముందే తెలుసు కదా అత్తయ్యా?" అని నిలదీశాను.

"ఏంది తెలిసేది? నువ్వు చెంబు పెట్టింటే చెప్పేదాన్నేమో. బిందె పెట్టినావు. మండలు గూడ పరిచినావు. చదువుకున్నదానివి, అన్నీ ఇచారించుకునే పెట్టింటావులే అనుకున్నా," అన్నారు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

మా వారికి ఏదో పని గుర్తొచ్చి బయటికి పోయారు.

ఆ రాత్రి పాప నుదురు ఎన్నిసార్లు తడిమి చూశానో. చల్లగానే ఉంది. మర్నాడు నడుముకు తువ్వాలు తోకలా కట్టుకుని ఇల్లంతా గాండ్రించింది. అప్పటి నుంచి ఏ వీధిలో డప్పు మోగినా ముందు వాకిట్లోకి పరుగెత్తేది అదే, వెనక పరుగెత్తేదాన్ని నేను.

ఇవాళ పొద్దున నేను వంటింట్లోకి వెళ్లిపోయాక పాప నా వెనకే వచ్చింది. చోటు సంగతి నన్ను ఆలోచించవద్దంది. తను ముందే అనుకుందట. బిందె అక్కడే, ఆ అరుగు మీదే. పులికి తను పోస్తుంది. నానమ్మ స్తంభం దగ్గర కూర్చుంటుంది.

"మరి నేనో?" అన్నాను.

పాప నా వైపు ఎగాదిగా చూసింది. సరిగ్గా నేను ఆ వీధులన్నీ చూసినట్టే.

"నువ్వు తలుపు వెనక, పరదా కాడ నిలబడుకో అమ్మా," అంది. "ఆడైతే నీకు బయం కాదు."