మైదానంలో సాంచా బంద్

గుసగుస అనేది గీజరు, సోఫా లాగా కలవారి ఇళ్ళల్లో మాత్రమే ఉండే వస్తువని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మేదాన్ని. సూరత్‌లో మేముండే నవాగామ్ వరుస ఇళ్ళల్లో మగవాళ్ళందరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళే. రోజుకు పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి వచ్చిన మనిషికి మెల్లగా మాట్లాడడం రాదు. మా బాపు అమ్మ చెవిలో చెప్పిన రహస్యం నాలుగిళ్ళ అవతలికి ముందు చేరేది, వాళ్ళు వచ్చి అమ్మకు చెప్పేవాళ్ళు. షెడ్డులో అయితే (సూరత్‌లో సాంచాల షెడ్డును ఖాతా అంటారు) అరిచినా వినబడదు కాబట్టి అక్కడ అంతా సైగలే. పోగు తెగితే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాలి. సాంచా ఆపమంటే చెయ్యి నిట్టనిలువుగా ఎత్తి పిడికిలి బిగించాలి. ఈ రెండో సైగ చూశాక సాంచా ఆపనివాడికి ఖాతాలో చోటు లేదు, ఎందుకంటే ఎవరిదో వేలు లోపల ఇరుక్కుందని దాని అర్థం కావచ్చు. అది వాళ్ళ ఒంట్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, అమ్మ వడ్డిస్తుంటే బాపు నోరు తెరిచి చాలు అనేవాడు కాదు. పిడికిలి లేచేది, గరిటె గాలిలో ఆగిపోయేది. ఒకసారి మా వాడలో పెళ్ళి భోజనాల దగ్గర ఫొటోలవాడు కొంచెం జరగమని చెయ్యెత్తితే, పంక్తిలో సగంమంది నోటి దగ్గరి ముద్ద అలాగే పట్టుకుని ఆగిపోయారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. అందరూ ఏదో దుర్వార్త విన్నట్టుంటారు.

ఇలాంటి ఇంట్లో నేను నోరు లేని పిల్లగా ఎలా పుట్టానో ఎవరికీ అర్థం కాలేదు. దుకాణంలో చిల్లర తక్కువిస్తే అడగడానికి కూడా నాకు రెండు రోజులు పట్టేది, అప్పటికి దుకాణదారు మర్చిపోయేవాడు. మాట్లాడాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని, అదీ తెలుగులో. మున్సిపల్ బడిలో తెలుగు మీడియం చదివిన చివరి పిల్లల్లో నేనొకదాన్ని, గుజరాతీ ఒక పాఠంగా నేర్పేవాళ్ళు. తమ్ముడు గుజరాతీ మీడియం, వాడికి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అమ్మకు ఏ చదువూ రాదు. బాపుకు వచ్చు గానీ తెలంగాణలో ఊరు విడిచాక ఆ పని పెట్టుకోలేదు. కాబట్టి నా డైరీకి తాళం కొనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. టీవీ మీద పెట్టినా ఎవరూ ముట్టరు. ఆ ధైర్యంతో నేను అందరి గురించీ ఉన్నదున్నట్టు రాసేదాన్ని.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మా ఖాతా శేఠ్ ఒక మాట ఇచ్చాడు. సిటీలో మిల్లుల మధ్య జరిగే పోటీలో మన జట్టు గెలిస్తే ఖాతాలో చల్లనీళ్ళ కూలర్ పెట్టిస్తానన్నాడు. అప్పటిదాకా ఖాతాలో తాగే నీళ్ళు రేకుల కింద డ్రమ్ములో ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నీళ్ళలో టీపొడి వేస్తే చాలునని మా కాక (బాపు తమ్ముడు) అనేవాడు. జట్టుకు శిక్షకుడు బాపే. ఖాతాలో మనుషుల మీద ఉండే పెద్దను మాస్టర్ అంటారు, మాస్టర్ అన్నాక ఏదైనా నేర్పగలడని శేఠ్ నమ్మకం. నాకు కూడా ఒక ఉద్యోగం పడింది. ఆటగాళ్ళ పేర్లు గుజరాతీలో చక్కగా రాసి నిర్వాహకుల బల్ల దగ్గర ఇవ్వాలి, మార్పులుంటే దిద్దాలి. "మా బిడ్డ దస్తూరి ముత్యాలే. మాట్లాడేది ఏం లేదు, జర కూసోని రాస్తది" అని బాపు అందరికీ గట్టిగా చెప్పాడు. (మెల్లగానే చెప్పాననుకున్నాడు.)

ఆ మైదానాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఇది మైదానానికి దారి అనుకున్నాను. పాత సిటీలో నాలుగువైపులా మేడలు, మధ్యలో ఎవరో కట్టడం మర్చిపోయినట్టు ఖాళీ స్థలం. ఒక పక్క రేకుల కప్పు కింద నాలుగు మెట్లు, అదే స్టాండు. మెట్లకూ ఆటకూ మధ్య ఒక తాడు. బంతి బయటికి పోయి ఎవరైనా లోపలికి విసరాలంటే ముందు వరుసవాళ్ళు మోకాళ్ళు పైకి లాక్కోవాలి. ఒక మూల నుంచి కార్నర్ కొట్టాలంటే లోచో (శనగపిండి ఫలహారం) అమ్మే బండివాడు బండిని రెండడుగులు వెనక్కి తీయాలి, అతను గిరాకీ ఉన్నప్పుడు తీయడు, రెఫరీ వేచి ఉంటాడు. బంతి మూడో అంతస్తు వరండాలో పడితే అక్కడుండే ముసలి బా, అంటే గుజరాతీ అవ్వ, దాన్ని కూరగాయల బుట్టలో పెట్టి తాడుతో దింపేది, కానీ పూజ అయ్యాకే. "అరే, మారా పాపడ్!" అని ఆవిడ అరిస్తే బంతి ఆరబెట్టిన అప్పడాల మీద పడిందని అర్థం, ఆ రోజు బుట్ట ఆలస్యంగా దిగేది. అక్కడ ఎవరు దగ్గినా అందరికీ వినబడేది. గుసగుసలు రాని మావాళ్ళకు అంతకన్నా అన్యాయమైన చోటు సూరత్‌లో లేదు. ఒక మేడ మీద పిల్లలు బాపు వ్యూహం వినేసి ఎదుటి జట్టుకు చేతులతో చూపించేవాళ్ళు.

అయినా మావాళ్ళు ఫైనల్‌కు వచ్చారు. ఎదురుగా ఉన్ అనే పేట వైపు రంగుల మిల్లు జట్టు. ఆ రోజు నేను తాడు పక్కన మొదటి మెట్టు మీద కూర్చున్నాను, ఒళ్ళో రెండు నోటు పుస్తకాలు. ఒకటి పేర్ల పట్టీ, రెండోది డైరీ. రెండింటికీ నేనే ఖాకీ అట్టలు వేశాను, బయట పేరు రాయలేదు. (పుస్తకాల అట్టలు ఒకే తీరుగా ఉండాలనేది నా జీవితంలో నేను గట్టిగా పట్టుబట్టిన ఏకైక విషయం.) పక్కన రేడియో తాత. ఖాతాలో నలభై ఏళ్ళు చేసి రెండు చెవులూ అక్కడే వదిలిపెట్టి వచ్చిన మనిషి. తన గొంతు తనకు వినబడదు కాబట్టి, లోపల అనుకునేవి కూడా బయటికే వచ్చేవి. అందుకే ఆ పేరు.

ఆట అయిపోవడానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. ఇద్దరికీ సున్నా. గోల్ దగ్గర కాక కాళ్ళు చాపి నిలబడ్డాడు. తాత నావైపు తిరిగి, "బిడ్డా, గా కొత్త పోరడు ఎవల కొడుకు? పట్టీ ఇటియ్యి, చూస్త" అన్నాడు. ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పుస్తకం తెరిచాడు. ముఖం వెలిగిపోయింది. "ఓ... తెలుగు! చేతిరాత తెలుగు సూడక ఎన్నేండ్లాయె!" అన్నాడు. అప్పుడు నా చేతిలో మిగిలిన పుస్తకం చూసుకున్నాను. అందులో పదకొండు గుజరాతీ పేర్లున్నాయి.

తాత చదవడం మొదలుపెట్టాడు. మనసులోనే చదువుకుంటున్నాననుకున్నాడు. "బాపుకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని." మైదానం అవతల గీత మీద నిలబడ్డ బాపు తల ఇటు తిరిగింది. "కాక గోల్ దగ్గర నిలబడేది ఆట వచ్చి కాదు, పరుగెత్తలేక." కాక కూడా తిరిగాడు. నేను "తాతా" అన్నాను. అది నాకే వినబడలేదు. పెద్దాయన చేతిలోంచి పుస్తకం లాక్కోవడం నాకు చేతకాని పని. తాత వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. అది పోయిన వారం పేజీ. ఉన్ జట్టు ఆట చూసి వచ్చి రాసుకున్నది. "ఆ జట్టులో ఒకతని చేతులు మోచేతుల దాకా నీలం రంగు. కార్నర్ కొట్టే ముందు ప్యాంటుకు తుడుచుకుంటాడు. పోదని అతనికీ తెలుసు. అయినా తుడుచుకుంటాడు. అది చూస్తుంటే నాకు..."

లేచి నిలబడ్డాను. చెయ్యి దానంతటదే నిట్టనిలువుగా లేచింది. పిడికిలి బిగిసింది.

తాత ఠక్కున ఆగాడు. నలభై ఏళ్ళ అలవాటు. ఆయనతోపాటు మెట్ల మీదున్న మావాళ్ళంతా ఆగారు. మైదానంలో మా పదకొండుమందీ ఆగారు. ఒకతను ఒక కాలు గాలిలో ఉండగా ఆగాడు. కాక రెండు చేతులూ ఎత్తి, ఎవరి వేలు ఇరుక్కుందా అన్నట్టు చుట్టూ చూశాడు. ఈ నిశ్శబ్దంలో కదులుతున్న మనిషి ఒక్కడే, ఆ నీలి చేతులతను. అతను బంతిని నడిపించుకుంటూ వచ్చి, కాకను అనుమానంగా చూసి, మర్యాదగా పక్కనుంచి లోపలికి తోశాడు. తోశాక చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అరే, రుక్ క్యోం గయే?" ఎందుకాగారని అడిగాడు రెఫరీ. కాక పరుగెత్తుకుంటూ వెళ్ళాడు (పరుగెత్తగలడని అప్పుడే తెలిసింది). "సాబ్, బంద్ థా! బంద్ కా ఇషారా థా!" "మైనే సీటీ బజాయీ?" "నహీ సాబ్." "తో?" మూడో అంతస్తు నుంచి బా కూడా, ఈల వేయలేదని గుజరాతీలో సాక్ష్యం చెప్పింది. ఆట ఒకటి-సున్నాతో ముగిసింది.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో విచారణ మొదలైంది. చూసినవాళ్ళకు పిడికిలే కనబడింది, మనిషి కాదు. "ఎవడ్రా చెయ్యెత్తింది?" అని కాక. "నేను జూడలే, అందరాగిన్రు, నేనాగిన" అని ఒకతను. "గట్లనే అందరాగిన్రా? ఎవడో ఒకడు లేపకుండనే ఆగిన్రా?" అని మళ్ళీ కాక. "కూలర్ పాయె. ఇగ ఈ ఎండాకాలం గూడ చాయ్ నీళ్ళే" అని వెనకనుంచి ఇంకొకతను. రేడియో తాత నోరు తెరిచాడు. "మంచి పుస్తకముండె. సగంల బంద్ జేసిన్రు" అన్నాడు తాత బాధగా. ఆయన మాటలకు అర్థం వెతకడం అందరూ ఎప్పుడో మానేశారు. నేను చెప్పాలనుకున్నాను. ఒళ్ళో పుస్తకాల అట్టలు సరిచేసుకున్నాను. అప్పుడు డ్రైవరు పక్కనున్న బాపు వెనక్కి తిరగకుండానే, "నేనే ఎత్తిన. ఎండ గొట్టింది, కండ్లకు అడ్డం వెట్టుకున్న" అన్నాడు. ఆట జరిగినంతసేపూ మబ్బు పట్టే ఉంది. అయినా మాస్టర్‌ను ఏమంటారు? కానీ ఆ తర్వాత నాలుగు రోజులు బాపు గిన్నెలో అన్నం చాలంటే పిడికిలి ఎత్తలేదు. నోటితో "చాలు" అన్నాడు. అమ్మ భయపడి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఆ "చాలు" నేను తట్టుకోలేకపోయాను. మాట్లాడడం నా వల్ల కాదు కాబట్టి రాశాను. శేఠ్‌కు, గుజరాతీలో, ఒకటిన్నర పేజీ. మీ ఖాతాలో గోడ మీద మీరే రాయించారు, చెయ్యి లేస్తే సాంచా ఆపాలి, ఆపనివాడు పనికి రానక్కర్లేదు అని. మైదానంలో మీ మనుషులు ఈల వినలేదు గానీ చెయ్యి చూశారు. ఒక్కడు కూడా ఆపకుండా ఉండలేదు. ఇది వాళ్ళు ఓడిపోవడమైతే, మీ నియమం గెలవడం కూడా. గెలిచినవాళ్ళకు మీరు కూలర్ ఇస్తామన్నారు. చివర ఒక వాక్యం రాయడానికి సాయంత్రం దాకా పట్టింది: చెయ్యి ఎత్తింది మాస్టర్ కాదు, మాస్టర్ కూతురు.

బాపుకు గుజరాతీ చదవడం రాదు. ఏదో అర్జీ అనుకుని తీసుకెళ్ళాడు, దస్తూరి ఎవరిదని అడిగితే చూపించడానికి నన్నూ తీసుకెళ్ళాడు. శేఠ్ గది ఖాతా పైనే, కింద సాంచాల చప్పుడు. కాబట్టి శేఠ్ ఆ కాగితాన్ని పైకి చదివాడు, అదీ గట్టిగా, మొదటినుంచి చివరిదాకా. వారంలో రెండోసారి నా రాత నలుగురికీ వినబడుతోంది. ఈసారి చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. చివరి వాక్యం దగ్గర శేఠ్ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. "కూలర్ గెలిస్తేనే అన్నాను" అన్నాడు హిందీలో. కాసేపు కిందికి చూశాడు, నడుస్తున్న సాంచాల వైపు. "పణ్ కాయదో తో మారో జ ఛే" అన్నాడు. నియమం నాదేగా మరి, అని.

దిగి వస్తూ మెట్ల మీద బాపును అడిగాను, నేనే ఎత్తానని నీకు తెలుసా అని. "ఎందుకు దెల్వది బిడ్డా? అవుతల గీత మీదికెల్లి సక్కగ కనవడ్డవ్." మరి నువ్వెత్తానని ఎందుకు చెప్పావన్నాను. బాపు నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "మాస్టర్ చెయ్యెత్తకుండ అందరాగిన్రంటే మాస్టర్‌కు ఇజ్జత్ ఏడుంటది?" రెండు మెట్లు దిగాక, "సైగ మాత్రం మంచిగ జేసినవ్. చెయ్యి వంగలే" అన్నాడు. ఇంకో మెట్టు దిగాక, "బంతి గుండ్రంగుంటదని నాకు తెల్సుగని, గది రాసుడెందుకు?" అన్నాడు.

కూలర్ వచ్చింది. నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. రేడియో తాత పని లేకపోయినా రోజూ వెళ్ళి ఒక గ్లాసు తాగి, బాగున్నాయని వీధికంతా చెప్పి వస్తాడు.

మొన్న పాత సిటీలో పని మీద వెళ్తే ఆ మైదానం పక్కనుంచి నడవాల్సి వచ్చింది. ఇంటికొచ్చి, ఏడేళ్ళనాటి ఆ డైరీ వెతికి, తాత ఆగిపోయిన పేజీ తీశాను. పదకొండుమందినీ, ఒక ఫైనల్‌నూ ఆపేసి నేను దాచుకున్న ఆ వాక్యం పూర్తిగా ఇదీ: "అది చూస్తుంటే నాకు, అతనికి ఎవరైనా మంచి సబ్బు కొనిస్తే బాగుండుననిపించింది." అంతే. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి, మరీ ఎక్కువ చెప్పేశానేమో అని భయపడి పేజీ మూల మడిచి కూడా ఉంది. మడత విప్పకుండానే డైరీ మూసేశాను. అంతకు ముందు, వచ్చే దారిలో మైదానం దగ్గర కాసేపు నిలబడ్డాను. లోచో బండి అక్కడే ఉంది, ఎవరో రెండు జట్లు ఆడుతున్నాయి, బంతి ఒకతని కాలి దగ్గర ఉంది. బస్సు కనబడింది. ఆపడానికి చెయ్యెత్తబోయి, లోపలివాళ్ళలో సాంచాలవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఆగాను. తర్వాతి బస్సుకు వెళ్ళాను.