సురేంద్ర సార్‌కి తిరుపతి పెట్టిన పేరు

మా తమ్ముడు తిరుపతి చనిపోయి ఏడాది దాటింది. వాడి సంగతులు తలచుకుంటే మా ఇంట్లో ముందు నవ్వే వస్తుంది. ఏడుపు దాని వెనకాల వస్తుంది.

వాడికి పుట్టుకతోనే వినపడదు. సైగల భాషలో మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదే ఆ మనిషి పేరు. అది వినపడనివాళ్లే పెట్టాలి, ఒకసారి పెట్టాక మార్చరు. సెక్యూరిటీ గార్డుగా పనిచేసే మా బాపు పేరు మీసం మెలేయడం. ఆయన మీసం తీసేసినా పేరు పోలేదు. నా పేరు ఎత్తుపళ్లు. "జర మంచిది పెట్టురా" అని బతిమాలితే, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంకోటి దొరుకుతలేదక్కా" అన్నాడు చేతులతో.

డిగ్రీ కాలేజీలో వాడి డిపార్ట్‌మెంట్ హెడ్డు సురేంద్ర సార్. భీమవరం మనిషి. విగ్గు పెట్టుకునేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. రెండు చేతులతో నుదుటి మీద విగ్గు సర్దుకోవడమే తిరుపతి ఆయనకు పెట్టిన పేరు. వారం తిరక్కుండా క్లాసంతా నేర్చుకుంది. వరండాలో సార్ కనపడితే చాలు, పిల్లల చేతులు నుదుటికి లేచేవి. ఆయన అది సైగల్లో నమస్కారమనుకుని తానూ అలాగే తిరిగి పెట్టేవారు. కాలేజీ డే నాడు వచ్చిన అతిథులకు కూడా నేర్పించారు. స్టేజీ మీద పెద్దమనుషులంతా వరసగా లేని విగ్గులు సర్దుకుంటుంటే తిరుపతి కుర్చీ కింద దూరాడు.

చివరి ఏడాది ప్రాజెక్టు వైవా వచ్చింది. అది పాసైతేనే రాయదుర్గం సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాడికి ఉద్యోగం. వాడి సైగలను మాటల్లో చెప్పడానికి నేను పక్కన కూర్చున్నాను. "నేనన్నదే చెప్పాలె. మంచిగ చేసి చెప్పొద్దు" అని ముందే నాతో ఒట్టు వేయించుకున్నాడు.

పరీక్ష చేయడానికి వేరే కాలేజీ నుంచి ఉదయశ్రీ మేడం వచ్చారు. సార్ తిరుపతిని చూడగానే నుదుటికి చేతులెత్తి, "సైగల్లో నమస్కారమండి, మేడం" అన్నారు గర్వంగా.

"మా పక్కింటాయనకు వినపడదు సార్. ఆయన మామూలుగనే దండం పెడతడు. మరి ఇదేంది బాబూ?" అన్నారు మేడం తిరుపతిని చూసి.

నేను సైగ చేసి అడిగాను. వాడి జవాబు చెప్పాను. "అది సార్ పేరంట."

సార్ ముఖం వెలిగిపోయింది. "నాకు పేరు కూడా పెట్టాడా! అర్థం ఏవిటో అడగమ్మా."

"ఏదన్న అబద్ధం చెప్పురా, ఉద్యోగం పోతది" అని సైగ చేశాను. వాడు నావైపు ఒకసారి చూసి, విగ్గు తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నట్టు నిదానంగా చేసి చూపించాడు.

"విగ్గంట సార్" అన్నాను.

సార్ చేతులు వాటంతట అవే లేచి విగ్గు సర్దుకున్నాయి. తన పేరు తానే అంత స్పష్టంగా చెప్పుకున్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మేడం ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఫైలు ఊగుతోంది.

"అందరికీ ఇలాంటివేనా?" అన్నారు సార్ చివరికి.

"నా పేరు ఎత్తుపళ్లు సార్."

ఆయన నా పళ్లను శ్రద్ధగా చూశారు. "సరిగ్గానే పెట్టాడు" అన్నారు కాస్త తేరుకుని. "మార్చడానికేమైనా వీలుందా?"

"లేదంట సార్."

"సరే కానీ. ప్రాజెక్టు సంగతి చెప్పమను."

మెట్రోలో వినిపించే ప్రకటనలను ఫోన్లో అక్షరాలుగా చూపించే యాప్ అది. అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు, పాసయ్యాడు. మార్కులు వేశాక మేడం, "నాకు గూడ ఒక పేరు పెట్టు బాబూ" అన్నారు.

తిరుపతి కుర్చీలో వెనక్కి వాలి ఆమెను తేరిపార చూడటం మొదలుపెట్టాడు. ఆమె గబుక్కున పొట్ట లోపలికి పీల్చుకున్నారు.

సార్ ముందుకు వంగి, "మొహమాటపడొద్దని చెప్పమ్మా వాడికి" అన్నారు.