ఫ్లాపీకి పెట్టిన బొట్టు

ఈ సంగతి నేను పాతికేళ్ళ కిందటే రాసి ఉండవలసింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, అప్పటికి నాకు అక్షరాలు రావు, అంతే. యాభై ఆరో ఏట మా చర్చిలో ఆడవాళ్ళకి పెట్టిన సాయంత్రం బడిలో పలక పట్టాను. తప్పుల్లేకుండా ఒక పేజీ రాయడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో చదువు రాకపోవడం అంత కష్టంగా ఉండేది కాదు, రాదని చెప్పడమే కష్టంగా ఉండేది. అందుకే తెనాలిలో కంప్యూటర్ ఆఫీసులో పనికి వెళ్ళినప్పుడు పెద్దసారు "చదువుకున్నావా అమ్మా?" అని అడిగితే "అయిదో తరగతి దాకా వెళ్ళానండి" అన్నాను. అబద్ధం కాదు. మా అంగలకుదురు బడిలో అయిదో తరగతి గది దాకా రోజూ వెళ్ళేదాన్ని, చీపురు పట్టుకుని. ఆయన సంతోషించి, చదువొచ్చిన మనిషి అని చెప్పి ఊడ్చే పనితోపాటు కంప్యూటర్లో రాసింది దాచే ఫ్లాపీల డబ్బా కూడా నాకే అప్పజెప్పారు.

సైకిల్ షాపు మీద మేడ, రెండు గదులు. లోపలి గదిలో చల్లటి మిషను, రెండు కంప్యూటర్లు. దుమ్ము పడకూడదని అందరూ చెప్పులు గుమ్మం బయటే విడవాలి. గుమ్మం పక్కన స్టూలు నాది. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఇద్దరే. ఒకతను రేపల్లె నుంచి రైల్లో వచ్చేవాడు, తమ్ముడూ అని పిలిచేదాన్ని. రెండో ఆవిడ బాపట్ల అమ్మాయి, తెనాలిలో పిన్నిగారింట్లో ఉండేది. బాపట్లలో ఒక కాలేజీకి హాల్ టికెట్లు అచ్చువేసే ప్రోగ్రాం రాస్తున్నారు. ప్రోగ్రాం ఒకటి, చేతులు నాలుగు, అక్కడ వచ్చింది తంటా. ఇద్దరూ ఒకే ఫ్లాపీలోంచి తమ తమ కంప్యూటర్లలోకి ఎక్కించుకునేవారు, ఎవరి మార్పులు వాళ్ళు చేసేవారు, సాయంత్రం మళ్ళీ అందులోనే పెట్టేవారు. వెనక పెట్టినవాళ్ళది ఉండేది, ముందు పెట్టినవాళ్ళది పోయేది. "నిన్నంతా కూర్చుని రాశానండీ! ఏమైపోయింది?" అని ఈ అమ్మాయి. "నాకేం తెలుసండీ, నాది నేను పెట్టుకున్నా. మీది మీరు చూసుకోవద్దా?" అని అతను. అండీ అండీ అంటూనే జుట్లు పట్టుకునేలా ఉండేవారు.

నాకు మా చర్చి గుండిగ గుర్తొచ్చింది. పెళ్ళి వంటలకి ఊరంతటికీ అదొక్కటే. తీసుకెళ్ళినవాళ్ళు దాని చోట తమ ఇంటి చెంబు పెట్టి వెళ్ళాలి. చెంబు ఉన్నంతకాలం గుండిగ ఇంకొకరు అడగరు. నేను స్టూలు మీంచి లేచి, "ఫ్లాపీ ఎవరు తీసుకుంటే వాళ్ళు ఎడమ చెప్పు నాకివ్వండి. ఫ్లాపీ తిరిగొచ్చేదాకా చెప్పూ రాదు, రెండోవాళ్ళకి ఫ్లాపీ రాదు" అన్నాను. పెద్దసారు పగలబడి నవ్వి, సరే కానిమ్మన్నారు. వారంలో గొడవలు సద్దుమణిగాయి. (ఒకరోజు రేపల్లె తమ్ముడు ఫ్లాపీ చొక్కా జేబులో ఉందన్న సంగతి మరిచి, ఒక్క చెప్పుతో స్టేషను దాకా వెళ్ళిపోయాడు. ప్లాట్‌ఫారం మీద జనమంతా తన కాళ్ళకేసి చూస్తుంటే అప్పుడు గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చాడు. రైలు పోయింది. "ఏంటక్కా, ఒక్క కేక వెయ్యకూడదా?" అన్నాడు. "చెప్పు కాదుగా తమ్ముడూ పోయింది, రైలేగా" అన్నాను.)

ఇక పాతవాటి సంగతి. రాసినదాంట్లో తప్పొస్తే వెనక్కి వెళ్ళడానికి మొన్నటిదీ నిన్నటిదీ కూడా ఉండాలని మూడు ఫ్లాపీలు పెట్టారు. సాయంత్రం కాగానే అన్నిటికంటే పాతది నేను డబ్బాలోంచి తీసి ఇస్తే, దాన్ని తుడిచేసి ఆరోజుది ఎక్కించేవారు. వాటి మీద ఏదో రాసుండేది. నాకు మూడూ ఒకటే, నల్లటి పలకలు. అందుకని స్టిక్కర్ బొట్లు కొని, ఇవాళ్టిదానికి ఎర్రబొట్టు, నిన్నటిదానికి నల్లబొట్టు పెట్టి, మొన్నటిదాన్ని బోడిగా ఉంచేదాన్ని. రోజూ సాయంత్రం బొట్లు మార్చేదాన్ని. (మేం బొట్టు పెట్టుకోం. ఫాన్సీ షాపులో నేను బొట్లు కొంటుంటే మా చర్చి పాస్టరయ్యగారి భార్య చూసి, "ఎవరికమ్మాయ్ ఇవి?" అన్నారు. "ఫ్లాపీకండి" అన్నాను. ఫ్లాపీ అంటే ఎవరో హిందువుల పిల్ల అనుకున్నట్టున్నారు, దీవించి పంపారు.)

మర్నాడు బాపట్లలో కాలేజీవాళ్ళకి చూపించాలనగా ఆ రోజు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పోట్లాడకుండా, ఇద్దరి రాతలూ ఒకటిగా కలిపారు. కలిపింది ఫ్లాపీలోకి ఎక్కించి నాకిచ్చారు, నేను ఎర్రబొట్టు పెట్టి డబ్బాలో దాచాను. ఆ మధ్యాహ్నమే కంప్యూటర్లు మొరాయించాయి. మెకానిక్ వచ్చి రెండిటి లోపలా ఉన్నదంతా తుడిచిపెట్టి, "మీ ఫ్లాపీలో ఉందిగా, ఇంకేం భయం?" అని వెళ్ళిపోయాడు. అంటే ఆ కలిపిన ప్రోగ్రాం లోకం మొత్తానికి నా డబ్బాలో ఒక్కటే ఉంది.

నాలుగింటికి రేపల్లె తమ్ముడు చెయ్యి చాపాడు. "అక్కా, పాతదొకటి ఇయ్యి. తుడిచి కాలేజీ పిల్లల పేర్లు ఎక్కించాలి." మూత తీశాను. నల్లబొట్టుది ఉంది. మిగతా రెండూ బోడిగా ఉన్నాయి. ఎర్రబొట్టు లేదు! డబ్బా కింద చూశాను, కొంగు దులిపాను. ఏది ఏదో మీ మీద రాసుంది కదా అని వాటినే బతిమాలుకున్నట్టు చూశాను. ఇది చదివి పెట్టు తమ్ముడూ అంటే సరిపోయేది. కానీ నేను చెప్పిన అయిదో తరగతి అడ్డం పడింది. ఉద్యోగం పోతుంది, అంతకన్నా ముందు పరువు పోతుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసి ఇచ్చేశాను. లోపల కంప్యూటర్ గర్రుమంటూ దాన్ని తుడుస్తుంటే నేను ఊడ్చిన గుమ్మాన్నే మళ్ళీ ఊడ్చాను.

అంతలో బాపట్ల అమ్మాయి ఇంటికి బయల్దేరుతూ వచ్చి, "అక్కా, రేపటికి ఇవాళ్టిది జాగ్రత్త" అంది. చూస్తే నుదుటి మీద ఎర్రబొట్టు. అంచుకి మెరుపు ఉన్న బొట్టు, నేను కొన్నదే.

"అమ్మాయ్, ఆ బొట్టెక్కడిది?"

"ఇదా? ఇందాక మొహం కడుగుతుంటే నాది తూములో పోయిందక్కా. బోడి నుదురుతో వెళ్తే మా పిన్ని గుమ్మంలోనే నిలేస్తుంది. నువ్వు కిందికెళ్ళినప్పుడు నీ డబ్బాలో ఒక ఫ్లాపీ మీద కనపడితే తొందరలో తీసి పెట్టుకున్నా. ఏం?"

నేను నేలమీద కూలబడ్డాను. "సార్! నాకు చదువు రాదు సార్! ఏది తుడిపించానో నాకు తెలీదు!" అని అందరికీ వినపడేలా ఏడ్చేశాను. రేపల్లె తమ్ముడు మొహం పాలిపోయి, మిగిలిన రెంటినీ చేతిలోకి తీసుకుని మీద రాసింది చూశాడు. చూసి, తల గోక్కున్నాడు. పెద్దసారు లాక్కుని పైకి చదివారు. "ఇది 'ఫైనల్'. ఇది 'అసలు ఫైనల్'. మరి ఆ తుడిచిందో?"

"అది... 'ఇదే ఫైనల్' సార్" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఇందులో ఇవాళ్టిది ఏదయ్యా?"

"మేం ఎప్పుడూ చదవం సార్. అక్క పెట్టిన బొట్టే చూస్తాం" అంది అమ్మాయి, నుదుటి మీద చెయ్యి వేసుకుని.

నల్లబొట్టు లేనిదాన్ని కంప్యూటర్‌లో పెట్టారు. అది చప్పుడు చేస్తున్నంతసేపూ నలుగురం దాని చుట్టూ మూగాం. ఉన్నట్టుండి తమ్ముడు "ఉంది! కలిపిందే! ఇద్దరిదీ ఉంది!" అని ఎగిరి గంతేశాడు. నేను తుడిపించింది మొన్నటిదే. అమ్మాయి నన్ను వాటేసుకుంది. పెద్దసారు కుర్చీలో వాలి, కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని, "అయిదో తరగతి దాకా వెళ్ళానన్నావు కదమ్మా?" అన్నారు. "వెళ్ళానండి. ఊడ్చి వచ్చానండి" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి కింద సైకిల్ షాపు అతను పైకొచ్చి ఏమైందని అడిగాడు.

ఇప్పుడు ఆ పనంతా కంప్యూటరే చేసుకుంటుందట. ఎవరు తీశారు, ఏం మార్చారు, మొన్నటిది ఎక్కడుంది అన్నీ అదే గుర్తుపెట్టుకుంటుందట. వెర్షన్ కంట్రోల్ అంటారని ఈమధ్య బాపట్ల అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. (దానికి చెప్పులెవరిస్తారో అడగడం మరిచిపోయాను.) ఆ సాయంత్రమే నాకు అక్షరాలు నేర్పిస్తానందా అమ్మాయి. నా తల మీంచి పెద్ద బరువు దిగినట్టుండి, ప్రోగ్రాం అయిపోయాక నేర్చుకుంటాలే అన్నాను. ప్రోగ్రాములు ఎప్పటికీ అయిపోవని అప్పటికి నాకేం తెలుసు పాపం!

మర్నాడు పొద్దున్నే ఫ్లాపీకి కొత్త ఎర్రబొట్టు పెట్టి, రుమాలులో చుట్టి తెనాలి స్టేషనుకి తీసుకెళ్ళాను. బాపట్ల అమ్మాయి రైలెక్కి కిటికీలోంచి చెయ్యి చాపింది. ముందు బొట్ల అట్ట ఇచ్చాను. "ఇవి నీ నుదుటికి. ఫ్లాపీది ముట్టుకున్నావో, చూడు!" తర్వాత ఫ్లాపీ ఇచ్చి, నా చెయ్యి అలాగే చాపి ఉంచాను. ఆ అమ్మాయి నవ్వుతూ ఎడమ చెప్పు విప్పి కిటికీలోంచి అందించింది. కాలేజీవాళ్ళ ముందుకి ఒంటి చెప్పుతో ఎలా వెళ్తుందని నా ఎడమది ఆమెకిచ్చి, ఆమె ఎత్తుమడమ చెప్పు నేను తొడుక్కుని, ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టిగా ఆఫీసు దాకా నడిచి వెళ్ళి గది ఊడ్చాను.