మూడు ఊళ్లలో దాచిన పాటలు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజుల్లో నేను జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మహబూబాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపే, నేను భాయ్ అని పిలిచే కుర్రాడు దీక్షా శిబిరాలన్నీ తిరిగి, అక్కడి పాటలను వీడియో తీసేవాడు. కెమెరాలో కార్డు నిండితే చెరిపి మళ్లీ వాడుకోవాల్సిందే. అలా చెరిగిపోవడం చూడలేక దాచే పని నేను నెత్తికెత్తుకున్నాను.

ఉద్యమ కమిటీ మూడు పాత కంప్యూటర్లు ఇప్పించింది. ఒకటి జనగామలో కమిటీ గదిలో, ఒకటి భాయ్ స్టూడియోలో, మరొకటి భూపాలపల్లిలో తెలిసిన టీచర్ ఇంట్లో పెట్టాను. ఇంటర్నెట్‌తో కలిపి మూడింటినీ ఒకే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌గా, అంటే ఒక్కో వీడియోను ఒక్కో వస్తువులా దాచే ఉమ్మడి కొట్టుగా చేశాను. అన్నిచోట్లా పూర్తి కాపీలు పెట్టేంత జాగా లేదు. అందుకే ఎరేజర్ కోడింగ్ ఎంచుకున్నాను.

"అంటే ఏందక్కా?" అన్నాడు భాయ్.

"ఒక్కో పాటను రెండు ముక్కలు చేస్తం భాయ్. ఆ రెండిట్ల నుంచి లెక్కగట్టి మూడో ముక్క తయారుచేస్తం. ఊరికో ముక్క. ఏ ఒక్కటి పోయినా మిగిలిన రెండిటితోని పాట మొత్తం మళ్ల వస్తది."

"రెండు పోతే?"

"పాట పోయినట్టే."

ఆ ఎండాకాలం భూపాలపల్లిలో కరెంటు ఎక్కువై డిస్కు కాలిపోయింది. కొత్తది బిగించి, మిగతా రెండు ఊళ్ల ముక్కల నుంచి అన్నీ తిరిగి కట్టుకున్నాం. మొదట తెరిచింది మరిపెడ ఆడవాళ్ల పాట. మధ్యలో ఒకామెకు వచ్చిన దగ్గు కూడా పోలేదు. భాయ్ ఫోన్లో అది విని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

రాష్ట్రం వచ్చింది. మేమంతా అన్నా అని పిలిచే కమిటీ పెద్దకు పదవి దొరికింది. కమిటీ గది ఆయన ఆఫీసయింది; మా కంప్యూటర్ అక్కడే ఉండిపోయింది. అంతలోనే భాయ్ మిషన్లో డిస్కు చెడిపోయింది. నేను ఆఫీసుకు పోయాను.

"అన్నా, మానుకోటల భాయ్ కాడ డిస్కు పోయింది. కొత్తది పెట్టి అంతా మళ్ల కట్టేదాంక ఈ మిషన్ ఎవరూ ముట్టద్దు."

"ఒకటి పోతే ఏంగాదని నువ్వే చెప్తివి గద చెల్లె. గింత పరేషాన్ ఎందుకు?"

"ఆ ఒకటి పోయిందన్నా. ఇంకోటి పోవద్దు."

ఆయన తలూపి, మోగుతున్న ఫోను చెవికి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

భాయ్ తన పైసలతోనే డిస్కు కొని బిగించాడు. తిరిగి కట్టడం మొదలుపెడితే జనగామ మిషన్ పలకలేదు. పాఠం మధ్యలో వదిలేసి అన్న ఆఫీసుకు పరుగెత్తాను. మా కంప్యూటర్ మీద ఆయన సహాయకుడు శుభాకాంక్షల ఫ్లెక్సీ తయారుచేస్తున్నాడు.

"పాతదంత తుడిచేసి సాఫ్ట్‌వేర్ కొత్తగ ఎక్కిచ్చినం మేడం. మస్తు స్లో ఉండె."

భూపాలపల్లిలో ప్రతి పాటకూ ఒక్కో ముక్క మిగిలింది. పాటను సన్నగా తరిగి పంచిన ముక్కలు కాబట్టి, దాంతో ఏదీ సగం కూడా తెరుచుకోదు. అన్నకు చెబితే, "రాష్ట్రమే వచ్చె, ఇంక పాటలెందుకు చెల్లె?" అన్నాడు.

కొన్నాళ్లకు మొగుళ్లపల్లి నుంచి ఒకావిడ భూపాలపల్లి టీచర్ ఇంటికి వస్తోందని తెలిసి నేనూ వెళ్లాను. బొగ్గుబాయిలో పనిచేసిన ఆమె భర్త శిబిరంలో పాడేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

"ఆయన గొంతు మీ కాడ ఉన్నదంట గద బిడ్డా. జర ఇనిపియ్యి."

"పోయిందవ్వా. ఒక ముక్కనే మిగిలింది."

"ఉన్న ముక్కన్న ఇనిపియ్యి."

అది వినపడే ముక్క కాదని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇవ్వడం ఇష్టంలేక అంటున్నాననుకుంది. చెప్పులేసుకుంటూ, "మీరు చదువుకున్నోల్లు, గిట్లనే చెప్తరు" అని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు రాష్ట్ర అవతరణ వేడుకల్లో అన్న వేదికెక్కి, ఉద్యమ పాటలన్నీ పదిలంగా దాచామని చెప్పాడట. జనం చప్పట్లు కొట్టారట. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు పిలిచినా నేను ఆ వేడుకలకు పోలేదు.