కపితోలినా చేతులకు మాటలొచ్చాయి

రష్యాలో కామా నది ఒడ్డున లుజ్కోవో అనే చిన్న పట్నంలో కపితోలినా యెగొరొవ్నాకి మొండిఘటమని పేరు. ఉన్నిబూట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. యంత్రాల రొదకి ఎడమ చెవి సగం పోయింది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. ఆదివారమైతే చాలు, తలకి తెల్లగుడ్డ కట్టుకుని నీలం కిటికీల దుంగల ఇంటికి బయల్దేరేది. అదే బాప్టిస్టు క్రైస్తవుల ప్రార్థన మందిరం. దేవుడి పేరెత్తితే తప్పుపట్టే పాత సోవియట్ రోజుల్లో, అక్కడికి వెళ్తోందని తెలిసి ఫ్యాక్టరీ గోడపత్రికలో ఆమె బొమ్మ గీసి తలకి కొమ్ములు పెట్టారు. ఆమె ఆ కాగితం ఊడదీసి ఇంటికి పట్టుకుపోయి, "ముక్కు మాత్రం అచ్చం నాదే" అని వచ్చినవాళ్లందరికీ చూపించింది.

ఆ రోజులు పోయాయి. పంతొమ్మిది వందల తొంభై మూడు వచ్చేసరికి సువార్త ఎవరైనా ఎక్కడైనా చెప్పుకోవచ్చు. పెద్ద పట్నాలకి విదేశాలనుంచి గిటార్లు పట్టుకుని జనం దిగారు. లుజ్కోవోకి ఎవరూ రాలేదు. సంఘంలో ఉన్నది ముప్ఫై మంది, అందులో పాతిక మంది ముసలమ్మలు. సంఘపెద్ద త్రొఫీమ్ ఇల్యీచ్ వీధులన్నీ కాగితం మీద రాసి, సువార్త చెప్పి రమ్మని ఒక్కొక్కరికి ఒక్కో వీధి, కాసిని కరపత్రాలు పంచాడు. కపితోలినాకి తన సొంత వీధే వచ్చింది.

"చివరన ఆ మూగోళ్ల హాస్టల్ ఉంది కదా, దాన్ని వదిలెయ్ సోదరీ," అన్నాడాయన. "వాళ్లకి ఏం చెప్తావు, ఎలా చెప్తావు?"

"వీధి ఇచ్చాక వీధంతా నాదే, త్రొఫీమ్ ఇల్యీచ్," అంది కపితోలినా.

ఆ రెండంతస్తుల ఇటుక భవనంలో అరవై మంది చెవిటివాళ్లు ఉండేవాళ్లు. పక్కనే ఉన్న కుట్టుపని షెడ్డులో ఆసుపత్రులకి దుప్పట్లు, కూలీలకి చేతితొడుగులు కుట్టేవాళ్లు. ముప్ఫై ఏళ్లుగా కపితోలినా వాళ్లతో ఒకే కొట్లో రొట్టె వరసలో నిలబడింది. ఒక్కరి పేరు కూడా తెలీదు. ఆ సంగతి తట్టిన రోజు ఆమెకి సిగ్గేసింది. క్యాబేజీ కూరిన రొట్టె, పిరోగ్, ఒకటి వండి గుడ్డలో చుట్టుకుని, కరపత్రం పట్టుకుని వెళ్లింది.

వెళ్లి తలుపు కొట్టింది. కొడుతూనే ఉంది. పావుగంటయ్యాక మెట్లమీదికొచ్చిన పక్కింటి ముసలాయన, "చెవిటోళ్ల తలుపు కొడతావేంటమ్మా, ఆ తాడు లాగు!" అని అరిచాడు. తాడు లాగితే లోపల దీపం వెలిగింది. తలుపు తీసినవాడు సావేలీ రిబిన్, చేతితొడుగుల తోలు కత్తిరించే మనిషి. యాభై ఏళ్లు, ఎర్రగడ్డం, పెద్ద పెద్ద చేతులు. ఆమె చేతిలో కరపత్రం చూశాడు, పిరోగ్ చూశాడు. పిరోగ్ తీసుకున్నాడు. వేళ్లతో ఏదో అన్నాడు. వెనక ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. తలుపు మూసుకుంది.

మర్నాడు కపితోలినా మళ్లీ తాడు లాగింది. సావేలీ రాగానే, నిన్న అతను చేసిన సైగని ఉన్నదున్నట్టు తన చేతులతో చేసి, "ఇదేంటి?" అన్నట్టు భుజాలెగరేసింది. సావేలీ మొహం కందగడ్డైపోయింది. ఎందుకంటే అది ఆడవాళ్ల ముందు అనే మాట కాదు. కాసేపు గుమ్మంలో అలాగే నిలబడి, చివరికి పక్కకి తప్పుకుని లోపలికి రమ్మన్నాడు.

అలా మొదలైంది చదువు. యాభై ఏడేళ్ల వయసులో, కీళ్లనొప్పుల వేళ్లతో. కుట్టుపని అమ్మాయి రిమ్మాకి పెదవుల కదలిక చూసి మాట పట్టడం కొద్దిగా వచ్చు, కాగితం మీద రాయడమూ వచ్చు. ఆమె గురువు. సావేలీ ఆటపట్టించేవాడు. ఒకసారి "దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు" అనడం ఎలాగో చూపించమంటే, మహా గంభీరంగా ఒక సైగ నేర్పాడు. కపితోలినా వంటగదిలో ఇరవై మంది ముందు నిలబడి భక్తిగా ఆ సైగ చేసింది. గరిటెలు కింద పడేలా నవ్వారు. రిమ్మా కళ్లు తుడుచుకుంటూ కాగితం మీద రాసింది: "దేవుడు మిమ్మల్ని ఉప్పులో ఊరబెడతాడు అన్నారు అత్తా." కపితోలినా చదివి, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెకి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ, ఒక గ్లాసు కేటాయించారు.

రెండు చలికాలాలు గడిచాయి. రొట్టెపిండి పిసుకుతూ, మంచు తోస్తూ, బస్సులో కూర్చుని సైగలకి వేళ్లు ఆడిస్తూనే ఉండేది. "కపాకి మతి చలించింది," అన్నారు వీధిలో, ఆమె పేరు పొట్టి చేసి. "ఆ మూగోళ్లు ఎలాగూ మారరు, మన కపాయే మూగదైపోయేలా ఉంది," అన్నారు సంఘంలో. ఆమె పట్టించుకోలేదు.

రెండో చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం సావేలీ ఆమె ఎదురుగా కూర్చుని, నవ్వులాటలేం లేకుండా, నిదానంగా చేతులు కదిపాడు.

"మా అమ్మ మీ సంఘం మనిషే. చిన్నప్పుడు పదేళ్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అందరి నోళ్లూ తెరుచుకునేవి, మూసుకునేవి. ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు. ఏమంటున్నారమ్మా అని కొంగు లాగితే, తర్వాత చెప్తా అన్నట్టు నా తొడ మీద తట్టేది. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు. అమ్మ చచ్చిపోయింది. ఏమన్నారో నాకు ఇవాళ్టికీ తెలీదు."

కపితోలినా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు గొంతుతో పనిలేదు కదా. రెండు చేతులూ ఎత్తింది. సముద్రం, గాలి, పడవ. పడవలో భయపడి చస్తున్న పన్నెండు మంది శిష్యులు, వెనక హాయిగా నిద్రపోతున్న యేసు. వచ్చిన సైగలన్నీ వాడింది, రానిచోట బల్ల ఊపింది, టీ గ్లాసుని పడవ చేసింది. ఆయన లేచి అలలవైపు చెయ్యి చాచి "ఇక చాలు" అన్నాడని, అలలు అణిగిపోయాయని చెప్పేసరికి, వంటగదిలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు.

సావేలీ అడిగాడు: "ఇంకా ఉన్నాయా ఇలాంటివి?"

"బోలెడున్నాయి."

"నలభై ఏళ్లు నా దగ్గర దాచారా? చెప్పు. అన్నీ చెప్పు."

ఆ ఏడాది అక్టోబరులో రిమ్మాకి నొప్పులు మొదలయ్యాయి. మొగుడూ చెవిటివాడే, రాయడం రాదు. పొద్దున్నే కాన్పుల వార్డుకి తీసుకెళ్తే, బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. సూది మందు తేగానే రిమ్మా నర్సు చెయ్యి తోసేసింది. మళ్లీ తెస్తే మళ్లీ తోసేసింది. చేతులు గాల్లో ఆడిస్తూ గొంతులోంచి ఏవో అరుపులు. రాసిమ్మని కలం ఇస్తే నొప్పికి వేళ్లు వణికి గీతలే పడ్డాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ ఇన్నా వాదిమొవ్నా మంచి మనిషే. ఆమెకీ చెమటలు పట్టాయి. "ఈ వీధుల్లో వీళ్ల భాష వచ్చినవాళ్లు ఒక్కరైనా లేరా?" అంది. వార్డు తుడిచే ఆమె చెప్పింది, "ఉంది, బాప్టిస్టుల పిచ్చి కపా."

అంబులెన్సు పంపారు. కపితోలినా పిండి చేతులతోనే ఎక్కింది. లోపలికి రాగానే రిమ్మా మొహానికి ఎదురుగా నిలబడి చేతులెత్తింది. "చెప్పమ్మా. నేనున్నాను."

రిమ్మా చేతులు గబగబా కదిలాయి. కపితోలినా డాక్టరువైపు తిరిగింది.

"పెనిసిలిన్ పడదంటోంది. ఏడేళ్ల వయసులో వేస్తే గొంతు వాచి ప్రాణం మీదికొచ్చిందట. ఆ సూదిలో అది ఉందేమోనని భయపడుతోంది. ఆపరేషన్ వద్దని కాదు, ఆ మందు వద్దని."

ఇన్నా వాదిమొవ్నా చేతిలోని సూది పక్కన పెట్టేసింది. మొహం తెల్లగా పాలిపోయింది. "అదే ఉంది ఇందులో," అని మెల్లగా అంది. తర్వాత గొంతు పెంచి, "మందు మార్చండి! కపితోలినా యెగొరొవ్నా, మీరు ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదు. చేతులు కడుక్కుని గౌను తొడుక్కోండి," అంది.

గంటన్నర తర్వాత ఆడపిల్ల పుట్టింది. కిటికీ కింద తోటలో నిలబడ్డ చెవిటివాళ్లు పాతిక మందికి కపితోలినా అద్దం వెనకనుంచి చేతులతో చెప్పింది: "ఆడపిల్ల. మూడున్నర కిలోలు. తల్లి క్షేమం." కింద యాభై చేతులు గాల్లోకి లేచి ఆకుల్లా ఆడాయి. వాళ్ల చప్పట్లు అవే.

వారం తిరక్కుండా ఇన్నా వాదిమొవ్నా ఆసుపత్రి గుమ్మానికి ఒక కాగితం అంటించింది: మంగళవారం, శుక్రవారం చెవిటివాళ్లకి ప్రత్యేకం, దుబాసీ ఉంటారు. ఆ రెండు రోజులూ కపితోలినా తెల్లకోటు వేసుకుని కూర్చునేది. దంతాలు, మోకాళ్లు, రక్తపోటు, ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన బాధలన్నీ ఆమె చేతుల మీదుగా నడిచాయి. అక్కడ ఆమె ఎవరికీ కరపత్రం ఇవ్వలేదు. వాళ్లే అడిగారు: "ఆదివారం మేమూ రావచ్చా?"

త్రొఫీమ్ ఇల్యీచ్ ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఒప్పుకున్నాక మొదటి ఆదివారమే కపితోలినాని పక్కకి పిలిచాడు.

"ప్రార్థనలో వాళ్లు కళ్లు మూసుకోవట్లేదు సోదరీ. నా మొహంలోకే గుడ్లప్పగించి చూస్తున్నారు. ఏం భక్తి ఇది?"

"మీరు వాక్యం చెప్పేటప్పుడు మన ముసలమ్మలు చెవుల్లో దూది పెట్టుకుంటే ఊరుకుంటారా? వాళ్లు కళ్లు మూసుకుంటే అంతే."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అది నిజమే," అన్నాడు.

ఈస్టర్ పండగ నాటికి నలభై ముగ్గురు చెవిటివాళ్లొచ్చారు. బల్లలు చాలక పక్కిళ్లనుంచి తెచ్చారు. పాటలయ్యాక సావేలీ లేచి ముందుకొచ్చి, సాక్ష్యం చెప్తానని సైగ చేశాడు. కపితోలినా అలవాటుగా చెవిటివాళ్లవైపు తిరిగి నిలబడబోయింది. సావేలీ ఆమె భుజం పట్టుకుని రెండో వైపుకి తిప్పాడు, వినేవాళ్ల వైపుకి. ఇవాళ దుబాసీ అవసరం వాళ్లకే.

అతని చేతులు అంత అందంగా కదలడం ఎవరూ చూడలేదు. అమ్మ కొంగు, తెరుచుకునే నోళ్లు, తొడ మీద తట్టే చెయ్యి, టీ గ్లాసు పడవ, అన్నీ చెప్పాడు. కపితోలినా గొంతు అతని చేతుల వెంట నడిచింది. అతను ఆగినచోట ఆగింది, అతను నవ్వినచోట నవ్వింది. "మీ మధ్య పదేళ్లు కూర్చున్నాను. మీరు నన్ను చూళ్లేదు. ఆయన చూశాడు. ఇప్పుడు మీరూ చూస్తున్నారు. క్రీస్తు లేచాడు!" అన్నాడు.

"నిజంగా లేచాడు!" అన్నారు ముసలమ్మలు, ఈస్టర్ నాడు ఇచ్చే అలవాటైన జవాబుగా. వాళ్లకి తెలియకుండానే, గొంతులతో పాటు చేతులు కూడా పైకి లేచాయి.

జూన్ నెలలో, కామాలో నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే, బాప్తిస్మాలు జరిగాయి. సావేలీతో కలిపి పదకొండు మంది. ఒడ్డున పట్నం సగం చేరింది. ఇన్నా వాదిమొవ్నా వచ్చింది, రిమ్మా ఎనిమిది నెలల పాపని ఎత్తుకుని వచ్చింది. త్రొఫీమ్ ఇల్యీచ్ నడుములోతు నీళ్లలో నిలబడ్డాడు. కపితోలినా దుబాసీ కోసమని చెప్పులు విప్పి నీళ్లలోకి దిగబోతే, ఆయన చెయ్యెత్తి ఆపాడు. డెబ్భై ఏళ్ల మనిషి, వేళ్లు చలికి వణుకుతున్నాయి. సావేలీ కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క సైగా తడబడకుండా చేశాడు: "నువ్వు నమ్ముతున్నావా?"

ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎవరిదగ్గర నేర్చుకున్నాడో కపితోలినాకి కూడా తెలీదు. రిమ్మావైపు తిరిగి చూస్తే, ఆమె పాప టోపీ సర్దుతూ నవ్వు దాచుకుంటోంది.

సావేలీ రెండు చేతులూ తలకి పైగా ఎత్తాడు. అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్లకి కూడా కనబడేంత పెద్దగా జవాబు చెప్పాడు. ఆ తర్వాత నీళ్లు అతని మీద మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి. ఎర్రగడ్డంలోంచి నీళ్లు కారుతుండగా లేచి నిలబడ్డాడు. ఒడ్డుమీద వినేవాళ్లూ, వినలేనివాళ్లూ అందరి చేతులూ గాల్లో ఆడుతున్నాయి.

కపితోలినా చెప్పులు చేత్తో పట్టుకుని ఆ జనం మధ్యలో నిలబడింది. ఆమె దుబాసీ చెయ్యాల్సిన మాట ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ పూటకి ఆమె పని ఆనందించడమే. చెప్పులు గడ్డిలో పడేసి తనూ రెండు చేతులూ ఎత్తింది.