పచ్చికాయలు

ఆ ఏడు నాకు కాఫీ పళ్లు కోయడం చేతకాలేదు. ఎర్రగా పండినవే తెంపాలి, పచ్చివి చెట్టుకే వదిలేయాలి. మా కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పని అది. నేనేమో కొమ్మ పట్టుకుని చేతికి దొరికిందల్లా దూసేసేదాన్ని. ఏది పండో ఏది కాయో కంటికి కనబడుతూనే ఉండేది. పట్టించుకోవాలనిపించేది కాదు. నా బిడ్డ చనిపోయినప్పటి నుంచి తిండీ స్నానమూ కూడా అంతే.

బుట్ట చూసి మా అత్త తిడుతుందనుకున్నాను. ఆమె కూర్చుని పచ్చికాయలు వేరుచేసింది. మర్నాటి నుంచి నన్ను వదల్లేదు. నీళ్లకని కొండ కింద పారే గెడ్డకు దిగితే, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ నా వెనకే దిగేది. నేనేం దొంగనా, ఏమిటీ కాపలా అని ఒళ్లు మండిపోయేది.

దెయ్యం పట్టిందని మంత్రాలు వేసే గురువును పిలిచి కోడిని కోయించారు. ఆ కూర రుచి కూడా నాకు తెలియలేదు. చివరికి అత్తే నన్ను జీపెక్కించి పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను.

"ఈ గుంట అబద్దం సెప్తంది తల్లీ," అంది అత్త. "పచ్చికాయలు తెంపుకొచ్చిన రోజే నాకు తెలిసిపోనాది. అందుకే గెడ్డకి ఒక్కదాన్ని ఎల్లనీకుండా ఎనకాలే తిరుగుతన్నాను."

మందులు వేసుకుంటున్నాను. నేను బిందె తీస్తే అత్త ఇప్పటికీ లేచి వస్తుంది. రావద్దని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.