ఎనిమిదో శనివారం చదివిన చీటీ

నా చిన్నప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడింది మడిచిన కాగితానికి. ఎవరైనా జేబులోంచి కాగితం తీస్తే చాలు, నాకు ఒంటికి వచ్చేది. పదమూడేళ్ళు నిండినా నాకు ఒక్క అక్షరం రాదు. తెలుగులో రాదు, ఇంగ్లీషులో రాదు. ఆ సంగతి మా అమ్మకు తెలియదు. నా బాధంతా అక్కడే ఉంది.

నాన్న నా రెండో ఏటనే పోయాడు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని, నన్ను కృష్ణా జిల్లాలో అమ్మమ్మ దగ్గర ఉంచి, చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉద్యోగానికి వచ్చేసింది. రెండో తరగతిలో మేష్టారు నా వేళ్ళు వాచేలా కొట్టాడు. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు. అమ్మమ్మ పొమ్మని అనలేదు. గేదెల వెంట తిరిగాను. అమ్మమ్మకూ చదువు రాదు, ఉత్తరాలు పోస్ట్‌మేన్ చేత రాయించేది. ప్రతి ఉత్తరంలోనూ "పిల్లాడు బాగా చదువుతున్నాడు" అని ఒక ముక్క ఉండేది. ఆ ముక్క పట్టుకుని అమ్మ అన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేసింది.

పన్నెండో ఏట నన్ను నేపర్‌విల్ తెచ్చుకుంది. ఇక్కడి బడిలో నాకు ఇంగ్లీషు రాదనుకున్నారు, అసలు చదువే రాదని ఎవరూ అనుకోలేదు. బోర్డు మీదున్నది బొమ్మలా చూసి గీసేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగే చర్చి బేస్‌మెంట్‌లో పిల్లల చేత బైబిలు వాక్యాలు కంఠతా చెప్పించేవారు. ఒకసారి వింటే నాకు వచ్చేసేది. ఆంటీలందరూ మా అమ్మతో, "ఎంత శ్రద్ధమ్మా మీ వాడికి!" అనేవారు. అమ్మ మొహం వెలిగిపోయేది. అది చూసిన ప్రతిసారీ నా గొయ్యి ఇంకో జానెడు లోతయ్యేది.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను ఆటలో పెట్టింది. శనివారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి ఆవిడ పడుకోవాలి, నేను ఇంట్లో ఉంటే పడుకోనివ్వను. ఆవిడతో పనిచేసే ఒక నర్సు భర్త కోచ్. ఇంగ్లండు ఉత్తరం వైపు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి వెల్డింగ్ పనికి వచ్చిన ముసలాయన. పదముగ్గురేసి ఆడే రగ్బీ ఆయన ప్రాణం. అమెరికాలో ఆ ఆట ఎవరికీ పట్టదు. చుట్టుపక్కల మొత్తం నాలుగే జట్లు. మా క్లబ్బులో పెద్దవాళ్ళు ముందటేడు అన్ని ఆటలూ ఓడిపోయి తలో దారీ చూసుకున్నారు. ముసలాయన మాత్రం వదల్లేదు. పిల్లలతో మళ్ళీ మొదలుపెడతానన్నాడు. సరే, ఈ ఒక్క సీజనూ చూద్దాం, మనుషులు చాలక ఒక్క ఆట వదులుకున్నా క్లబ్బు మూసేస్తాం అన్నారు కమిటీవాళ్ళు. ఆయనకు దొరికింది సరిగ్గా పదముగ్గురు పిల్లలం. పద్నాలుగోవాడు లేడు.

ఆయన ఇంగ్లీషు ఇక్కడి పిల్లలకే సగం అర్థమయ్యేది కాదు. అందుకే నాకు ఆయన నచ్చాడు. ఆయన ముందు అందరూ నాలాంటివాళ్ళే.

ఆటలో నేను చేసిన తప్పు మన ఊళ్ళ పిల్లలే చేస్తారు. ఆ ఆటలో బంతి పట్టుకున్నవాణ్ణి పడేసి కదలకుండా చేస్తే రిఫరీ "హెల్డ్" అని అరుస్తాడు. దొరికిపోయావని అర్థం. అప్పుడు పట్టుకున్నవాళ్ళు వదిలేయాలి. పడినవాడు లేచి, బంతి నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. వెనక మనవాడు ఒకడు నిలబడి అందుకుంటాడు. నాకు తెలిసింది చెడుగుడు. చెడుగుడులో దొరికినవాడు ఆగుతాడా? ఊపిరి బిగబట్టి, నలుగురు మీద పడ్డా ఈడ్చుకుంటూ గీత ముట్టుకోవాలి. నేనూ అదే చేశాను. రిఫరీ అరుస్తున్నా బంతి కడుపులో దాచుకుని పాకేవాణ్ణి. విజిల్ పడేది. బంతి అవతలివాళ్ళకు పోయేది. "వదలరా బాబూ, ఆట ఆగిపోయింది!" అని మావాళ్ళు నెత్తి బాదుకునేవారు. నాకు 'గ్లూ', అంటే జిగురు, అని పేరు పెట్టారు. "గ్లూగాడికి బంతి ఇవ్వకండిరా, రేపు ఆదివారం దాకా తిరిగి రాదు" అని ఒకడు అంటే మిగతావాళ్ళు పొర్లి పొర్లి నవ్వేవారు.

కోచ్ రూల్సు రాసిన కాగితం ఒకటి అందరికీ ఇచ్చాడు. మూడో వారం నన్ను పక్కకు పిలిచి, "పట్టుబడినప్పుడు ఏం చేయాలో ఇందులో ఎక్కడుందో చూపించు" అన్నాడు. నేను ధైర్యంగా మధ్యలో ఒక గీత మీద వేలు పెట్టాను. ఆయన ఆ వేలు వైపు చాలాసేపు చూశాడు. కాగితం మడిచి ఇచ్చేశాడు. తప్పించుకున్నాననుకున్నాను.

ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఏ స్థానంలో ఆడాలో కోచ్ ప్రతి శనివారం పొద్దున చీటీ మీద రాసేవాడు. చొక్కా నంబరు వరసన వారానికొకడు బెంచీ ఎక్కి దాన్ని అందరికీ చదివి వినిపించాలి. మొదటి వారం ఒకటో నంబరు, రెండో వారం రెండో నంబరు. నాది ఎనిమిదో నంబరు.

ఏడు వారాలు ఏడు ఆటలు ఓడిపోయాం. మావాళ్ళు ఓటములు లెక్కపెట్టేవారు, నేను చీటీలు లెక్కపెట్టేవాణ్ణి. పేర్లు నాకు నోటికి వచ్చు, కాని కోచ్ ప్రతివారం స్థానాలు మార్చేసేవాడు. వెళితే బెంచీ మీద దొరికిపోతాను. వెళ్ళకపోతే పన్నెండుగురే మిగులుతారు, ఆట పోతుంది, క్లబ్బు పోతుంది, ముసలాయన పోయినట్టే. ఏ వైపు తిరిగినా గోడే. శుక్రవారం రాత్రి అన్నం సహించలేదు. శనివారం పొద్దున జ్వరమన్నాను. మా అమ్మ నర్సు. థర్మామీటరు నోట్లో పెట్టి, తీసి, "టెంపరేచర్ నార్మల్. లే" అంది.

కారులో కూర్చున్నాక ఇంకో మాట అంది. "ఇవాళ చీటీ చదివేది నువ్వంట కదరా? మీ కోచ్ వాళ్ళావిడ చెప్పింది. ఉండి వినే వెళతాను."

"నిద్ర పోవా అమ్మా నువ్వు?"

"రోజూ పోయేదేగా. నా కొడుకు ఇంగ్లీషు చదవడం నేనెప్పుడు విన్నాను?"

తలుపు తీసి దూకేద్దామా అనిపించింది. నిజంగానే అనిపించింది.

మైదానంలో చలి. తెల్ల యూనిఫారం మీద కోటు వేసుకుని అమ్మ కంచె పక్కన నిలబడింది. నేను బెంచీ ఎక్కాను. కోచ్ చీటీ నా చేతిలో పెట్టి, వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. కాగితం విప్పాను.

అందులో ఏమీ లేదు. తిప్పి చూశాను. వెనకా తెలుపే.

కోచ్ తల ఎత్తలేదు. కట్టిన లేసే మళ్ళీ కడుతున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు మూడో వారం నుంచీ తెలుసని. ఆ తరువాత విచిత్రంగా గుండె నెమ్మదించింది. అందులో ఏమీ రాసి లేకపోతే నేను తప్పు చదవడానికీ ఏమీ లేదు.

ఒకటో స్థానం నుంచి మొదలుపెట్టాను. ఏడు వారాలు ఎవడి కాళ్ళలో ఎంత వేగం ఉందో, ఎవడు భయపడితే పక్కకు జరుగుతాడో చూస్తూనే ఉన్నాను. చూడడం తప్ప నాకు వచ్చిన విద్య ఇంకోటి లేదు. అలా చూసి పెట్టుకున్నదంతా ఆ తెల్ల కాగితంలోంచి గట్టిగా చదివేశాను. ఎనిమిదో స్థానం దగ్గర మా జట్టులోని లావుపాటి అబ్బాయి పేరు చెప్పాను. తొమ్మిదిలో నా పేరు చెప్పాను. పడినవాడి వెనకే నిలబడి బంతి అందుకునేవాడి స్థానం అది. "గ్లూగాడా? తొమ్మిదిలోనా?" అని ఒకడు అరిచాడు.

కోచ్ లేచి నిలబడ్డాడు. "విన్నారుగా. చీటీలో ఎలా ఉంటే అలాగే ఆడాలి" అన్నాడు.

కంచె దగ్గర అమ్మ చప్పట్లు కొడుతోంది. చలికి తొడుక్కున్న ఉన్ని గ్లోవ్స్‌తో కొడుతుంటే చప్పుడు రావడం లేదు.

ఆట ఓడిపోయాం. ఎనిమిదోసారి. కాని తేడా రెండు పాయింట్లే, అది మాకు పండగ. ఆ రోజంతా నేను పడినవాళ్ళ వెనక నిలబడ్డాను. ఎవడు పడినా, వదలగానే లేచి, బంతి నేల మీద పెట్టి, వెనక్కి దొర్లించేవాడు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను అక్కడ ఉంటానని వాళ్ళకు నమ్మకం. నన్ను 'గ్లూ' అని ఏడిపించినవాళ్ళే. చివర్లో నేనే దొరికాను. ముగ్గురు మీద పడ్డారు. ఊపిరి బిగబట్టబోయి, రిఫరీ "హెల్డ్" అనగానే ఆగిపోయాను. ఆగగానే వాళ్ళు లేచారు. బరువు దిగిపోయింది. అంత తేలికా అనిపించింది.

ఆట అయ్యాక కోచ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఇంగ్లీషుకు నా తెలుగు ఇది: "అలాంటి చీటీ నా దగ్గర ఒక్కటే ఉంది, కుర్రాడా. అయిపోయింది. ఎన్నాళ్ళు పాకుతావు ఇంకా?" అని, కంచె దగ్గరున్న అమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించి వెళ్ళిపోయాడు.

కారులో అమ్మ తాళం తిప్పింది. ఇంకా నవ్వుతూనే ఉంది. "ఎంత గట్టిగా చదివావురా! మన ఆరాధనలో కూడా ఇక నువ్వే చదవాలి" అంది.

"అమ్మా, నాకు చదవడం రాదు."

"సిగ్గెందుకు, ఇందాక చదివావుగా."

సాక్సులో దాచుకున్న ఆ చీటీ తీసి ఇచ్చాను. ఇటు చూసింది. తిప్పి అటు చూసింది. ఇంజన్ ఆపేసింది.

"తెలుగు?"

"అది కూడా రాదు."

అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. మెల్లగా అడిగింది, "మరి నేను నీకు రాసిన ఉత్తరాలు ఎవరు చదివారురా?"

"పోస్ట్‌మేన్."

"అన్నీనా?"

"అన్నీ. అరుగు మీద కూర్చుని. అందరూ వినేవాళ్ళు."

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది. తరువాత యూనిఫారం జేబులోంచి పెన్ను తీసి, ఆ తెల్ల కాగితాన్ని స్టీరింగ్ మీద పెట్టి, ఇంగ్లీషులో నా పేరు మొదటి అక్షరం రాసింది. "చూసి గీయకు. ఇది ఏమిటో తెలుసుకుని రాయి" అంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి, ఆ కారులో మధ్యాహ్నం దాకా కూర్చుంది.

సోమవారం బడికి వచ్చి హెడ్ మేడమ్‌తో ఆవిడే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆరేళ్ళ పిల్లలు చదివే పుస్తకాలు పెట్టుకుని పద్నాలుగో ఏట చదవడం నేర్చుకున్నాను. పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ సీజన్‌లో మేము గెలిచింది ఒక్క ఆట, అయినా పదమూడు మందిమీ ప్రతి శనివారం వచ్చాం. క్లబ్బు ఇంకో మూడేళ్ళు బతికింది. ముసలాయన ఆ చీటీ సంగతి మావాళ్ళెవరికీ చెప్పకుండానే పోయాడు.

తెలుగు అక్షరాలు నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను, అమ్మ ఉత్తరాల కోసం. అమ్మమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. అమ్మ పక్కన కూర్చుంటే ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. అందులో ఒకదాని మీద, పైనే, "ఇది నువ్వొక్కడివే చదువుకో నాన్నా" అని ఉంది. ఆ ముక్క కూడా పోస్ట్‌మేన్ అరుగు మీద చదివే ఉంటాడు.

ఇప్పటికీ నేను నెమ్మదిగానే చదువుతాను. చర్చిలో నా వంతు వస్తే "అంకుల్ స్లో" అని పిల్లలు గుసగుసలాడతారు. ఆసుపత్రి ఫారాలో, లాయరు కాగితాలో అర్థం కానివి చేతికొస్తే అర్థమైనట్టు తల ఊపను. బల్ల మీద పెట్టి, వెనక్కి జరిపి, "నాకు తెలియడం లేదు, చదివి చెప్పండి" అంటాను. ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు అందుకోకుండా పోలేదు.